ఆరేళ్ళ అనుభవానికి ఒక సంతకం

"అన్నిటికీ నాలుగు కొట్టేయండి మేడమ్," అన్నాడు ఫోన్లో బ్రాక్. "నూట నలభై ప్రశ్నలూ చదువుతూ కూర్చుంటే ఈలోగా ఆ ఉద్యోగం ఇంకెవరో ఎగరేసుకుపోతారు."

రెనాటా కోవారిక్ ఆసుపత్రి వెనక తన పికప్ ట్రక్కులో కూర్చుని క్యాబేజీ, మాంసం కూరిన బన్ను తింటోంది. మధ్యాహ్న భోజనానికి ఆమెకిచ్చేది ముప్ఫై నిమిషాలు. అందులో పధ్నాలుగు ఈ మనిషే తినేశాడు.

"పన్నెండో ప్రశ్న చూశారా? 'గుండె ఆపరేషన్ అయిన పసిపిల్లని చూసుకోవడం' అని ఉంది. ఒకటి అంటే ఎప్పుడూ చెయ్యలేదని. నాలుగు అంటే ఒంటరిగా చేస్తాను, ఇంకొకరికి నేర్పుతాను కూడా అని. నేను అలాంటి పిల్లని కళ్ళతో చూడనైనా లేదు. దానికీ నాలుగేనా?"

"ఎవరు చూస్తారండీ?"

"ఆ పిల్ల చూస్తుంది."

బ్రాక్ నవ్వాడు. జోకు అనుకున్నాడు కాబోలు.

అతను పనిచేసేది దేశంలోని పెద్ద ట్రావెల్ నర్సింగ్ ఏజెన్సీల్లో ఒకటి. అరిజోనాలో, టూసాన్ నగరంలో ఒక పెద్ద ఆసుపత్రికి ఎమర్జెన్సీ నర్సులు కావాలి. పదమూడు వారాల ఒప్పందం. ఇలా ఊరూరూ తిరిగే నర్సుకి ఎవరూ పని నేర్పరు. మొదటి రోజు గదులు చూపిస్తారు, రెండో రోజు మందుల అలమారా తాళం ఇస్తారు, మూడో రోజు నాలుగు మంచాలు అప్పగించి వెళ్ళిపోతారు. అందుకే షరతు గట్టిగా పెట్టారు. గత మూడేళ్ళలో కనీసం రెండేళ్ళు ఎమర్జెన్సీలో పనిచేసి ఉండాలి. ఆ మాట పై అధికారి సంతకంతో చెప్పాలి.

"అనుభవం దగ్గర 'ప్లమ్ ఫోర్క్ ఆసుపత్రి, ఎమర్జెన్సీ విభాగం' అని నేనే రాసేస్తాను," అన్నాడు బ్రాక్.

"మాకు ఎమర్జెన్సీ విభాగం లేదు."

"మరి ఎమర్జెన్సీలో చేశానన్నారు?"

"చేశాను. ఆరేళ్ళు."



రెనాటా అబద్ధం చెప్పలేదు. నెబ్రాస్కాలో మొక్కజొన్న చేల మధ్య ఉన్న ఆ ఆసుపత్రికి ఉన్నవి పదహారు మంచాలు. వరండా చివర రెండు రెక్కల తలుపు, దాని వెనక ఇంకో రెండు మంచాలు. గంట మోగిందంటే వార్డులో ఉన్న నర్సు చేతిలోది వదిలేసి అటు పరిగెత్తాలి. డాక్టరు ఇంటి నుంచి రావడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. ఆ ఇరవై నిమిషాలూ ఎమర్జెన్సీ అంటే ఆ నర్సే. ట్రాక్టరు కింద నలిగిన కాలు, తేనెటీగ కుట్టి మూసుకుపోయిన గొంతు, దారిలోనే పుట్టేసిన కవలలు, అన్నీ రెనాటా చేతుల మీదుగానే వెళ్ళాయి. కానీ ఆమె పనిగంటల కాగితం మీద ఆరేళ్ళుగా ఉన్నది ఒకే మాట: జనరల్ వార్డు.

"కంగారు పడకండి," బ్రాక్ గొంతు మళ్ళీ తేనెలో ముంచినట్టయింది. "మాకు వదిలేయండి. మేము చూసుకుంటాం."

"నా పేరు ఎక్కడికీ పంపకండి. ముందు నేను సంతకం తెచ్చుకుంటాను."

ఫోన్ పెట్టేసింది. బన్ను చల్లారిపోయింది.

* * *

నర్సింగ్ డైరెక్టర్ మార్లిస్ టీడ్‌మన్ కాగితాన్ని చూసి కళ్ళజోడు తీసేసింది. ముప్ఫై ఏళ్ళు అదే ఆసుపత్రిలో నర్సుగా పరిగెత్తి, తొమ్మిదేళ్ళ క్రితం ఆ కుర్చీలో కూర్చున్న మనిషి.

"టూసానా? అక్కడ ఎండకి నువ్వు వేగిపోతావు."

"వేగితే వేగుతాను. సంతకం పెట్టండి."

"నువ్వు వార్డు నర్సువి రెనాటా. వార్డు అని రాసిస్తాను. చాలా మంచి నర్సు అని కూడా రాస్తాను. ఇంకేం కావాలి?"

"మొన్న మంగళవారం నేను నాలుగు గంటలు ఎక్కడున్నాను?"

మార్లిస్ కళ్ళజోడు అద్దాలు తుడవడం మొదలుపెట్టింది.

"గొంతు మూసుకుపోయిన పిల్లాడి దగ్గర. మీరే వచ్చి భుజం తట్టారు. ఆ నాలుగు గంటలూ వార్డని రాయించారు."

మార్లిస్ లేచి తలుపు వేసింది. గొంతు తగ్గించింది.

"చూడమ్మా. నువ్వు ఆరేళ్ళు ఎమర్జెన్సీలో చేశావని నేను సంతకం పెట్టాననుకో. అంతసేపూ వార్డులో ఎవరున్నారని అడుగుతారు. తనిఖీ వాళ్ళు అడుగుతారు, బోర్డు వాళ్ళు అడుగుతారు. ఏం చెప్పను? ఎవరూ లేరనా?"

"ఎవరూ లేరు కదా."

"ఆ మాట కాగితం మీద పెడితే ఈ ఆసుపత్రి మూసేస్తారు. తరువాత గుండెపోటు వచ్చినవాడు యాభై మైళ్ళు వెళ్ళాలి. అది నీకిష్టమేనా?"

ఇదే మాట. సెలవు అడిగినా ఇదే, రెండో నర్సు కావాలని అడిగినా ఇదే. ప్రతిసారీ రెనాటా తల వంచుకుని బయటికొచ్చేది. ఇవాళ వంచలేదు.

"నా ఆరేళ్ళని దాచిపెట్టి ఆసుపత్రిని నిలబెడుతున్నారన్నమాట."

"నాలుక కాస్త అదుపులో పెట్టుకో పిల్లా. ఇంతకీ బయట నిన్నెవరు తీసుకుంటారు? పెద్ద ఆసుపత్రిలో రెండు రోజులు నిలబడగలవా నువ్వు?"

ఆ మాట గుచ్చుకుంది. ఎందుకంటే రెనాటాకి కూడా జవాబు తెలియదు. చదువు పూర్తయిన వారంలోనే ఇక్కడ చేరింది, ఇంకెక్కడా పనిచెయ్యలేదు. తన చేతులు నిజంగా అంత మంచివా, లేక పక్కన ఎవరూ లేరు కాబట్టి మంచివిగా కనబడుతున్నాయా? టూసాన్ కావలసింది అందుకే.

"నిలబడతానో లేదో నేను తేల్చుకుంటాను," అంది. "మీరు కాదు."

* * *

రెండో ఏజెన్సీ పేరు చెప్పింది డ్వేన్ హ్రుస్కా. ఆసుపత్రిలో ఇంకో నర్సు, రెనాటాతో షిఫ్టు మార్చుకునే మనిషి. ఒకప్పుడు మూడేళ్ళు ట్రావెల్ నర్సుగా తిరిగి వచ్చాడు.

"వెల్డా ఫారోకి ఫోన్ చెయ్యి. చిన్న ఏజెన్సీ, ఆఫీసు మొత్తం ఐదుగురు. ఆవిడ స్వయంగా ఇరవై ఏళ్ళు నర్సు. ఒక్కటే ఇబ్బంది."

"ఏంటి?"

"అబద్ధం చెబితే ఫోన్లోనే వాసన పట్టేస్తుంది. నా వంట బాగుంటుందని చెప్పి దొరికిపోయాను."

రెనాటా ఈసారి ప్రశ్నలు తను అడిగింది. నన్నడగకుండా నా పేరు ఎక్కడికైనా పంపుతారా? పదమూడు వారాల మధ్యలో ఆసుపత్రి ఒప్పందం రద్దు చేస్తే నా గది అద్దె ఎవరిది? తెల్లవారుజామున ఏదైనా జరిగితే ఫోన్ ఎత్తేది మనిషా, యంత్రమా?

"అడగకుండా పంపం," అంది వెల్డా. బొంగురు గొంతు, తొందర లేని మాట. "రద్దయితే ఆ నెల అద్దె మాది, తరువాతది నీది. ఫోన్ నేనే ఎత్తుతాను, కానీ విసుక్కుంటాను. ఇప్పుడు నా వంతు. ప్రశ్నల కాగితం నింపావా?"

"నింపాను. తొంభై ఏడు నాలుగులు. పదకొండు ఒకట్లు. మిగతావి మధ్యలో."

"ఒకట్లు వేశావా! అమ్మయ్య. ఏడాదికి ఒక్కరైనా దొరుకుతారు." వెల్డా దగ్గి కొనసాగించింది. "సంతకం?"

"ఇవ్వట్లేదు."

"అయితే నేను పంపలేను. నువ్వు దేవతవైనా సరే. రెండేళ్ళు ఎమర్జెన్సీ అని పై అధికారి రాయాలి. నేను ఆవిడకి ఫోన్ చేసి అడుగుతాను కూడా. అది నా రూలు."

"తెస్తాను."

"ఇంకోటి. వేరే ఏజెన్సీ ఎవరైనా నీ పేరు టూసాన్‌కి పంపారా? ఒకే నర్సు పేరు రెండు ఏజెన్సీల నుంచి వస్తే ఆసుపత్రి వాళ్ళు రెండూ చెత్తబుట్టలో వేస్తారు. గొడవ తమకెందుకని."

రెనాటా కనుక్కుని చెబుతానని ఫోన్ పెట్టేసింది. వెంటనే బ్రాక్‌కి ఫోన్ చేసింది.

"గుడ్ న్యూస్ మేడమ్! నిన్ననే పంపేశాను. ఎమర్జెన్సీ ఆరేళ్ళు, అన్నీ నాలుగులు. వాళ్ళకి తెగ నచ్చింది."

"పంపొద్దన్నాను."

"మీ మంచి కోసమే కదా. ఇలాంటి చిన్న ఊళ్ళ నుంచి మా సహాయం లేకుండా ఎవరూ అక్కడిదాకా వెళ్ళలేరు. ఆలోచించండి."

"ఆలోచించాను. సాయంత్రం ఐదింటిలోపు నా పేరు వెనక్కి తీసుకుని, తీసుకున్నట్టు నాకు రాసి పంపండి. లేకపోతే ఐదూ ఒకటికి టూసాన్ ఎమర్జెన్సీకి నేనే ఫోన్ చేసి, ఏయే నాలుగులు నేను వెయ్యలేదో ఒక్కొక్కటీ చదివి వినిపిస్తాను. తరువాత వాళ్ళు మీ నర్సులందరి కాగితాలూ తీసి చూస్తారు. అది మీ ఇష్టం."

"బెదిరిస్తున్నారా?"

"అవును."

నాలుగూ నలభైకి మెయిల్ వచ్చింది. ఒకటే వాక్యం. మేడమ్ అనే మాట అందులో లేదు.

* * *

రెండు వారాలకోసారి నర్సులు పనిగంటల కాగితం నింపి ఇవ్వాలి. అందరూ పైన 'వార్డు' అని రాసి కింద దాకా గీత లాగేసేవాళ్ళు. మార్లిస్ కొత్తగా చేరినవాళ్ళకి నేర్పే మొదటి పని అదే.

ఆ శుక్రవారం రెనాటా గీత లాగలేదు. ఏ రోజు ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా ఎక్కడుందో రాసింది. ఉదయం ఏడు నుంచి తొమ్మిదీ పది, వార్డు. తొమ్మిదీ పది నుంచి పదకొండూ నలభై, ఎమర్జెన్సీ. మళ్ళీ వార్డు. మళ్ళీ ఎమర్జెన్సీ. రెండు వారాలకి ఎమర్జెన్సీలో ముప్ఫై ఒక్క గంటలు తేలాయి.

కాగితం గంటలోనే తిరిగొచ్చింది. మీద ఎర్ర సిరాతో 'సరిచేసి ఇవ్వండి' అని మార్లిస్ రాత.

రెనాటా దాని కింద రాసింది: 'సరిగ్గానే ఉంది.' మళ్ళీ పంపింది.

భోజనాల గదిలో డ్వేన్ ఆ కథంతా విని కాఫీ గడగడా తాగేశాడు.

"అయితే జీతం ఆపుతారా?"

"ఆపితే ఆపనీ."

"నాకూ ఒక ఖాళీ కాగితం ఇవ్వు. నాకు ఇరవై నాలుగు గంటలు రావాలి. మా ఆవిడకి చూపిస్తాను, ఇన్నాళ్ళూ నేను వార్డులో కుర్చీలో కూర్చుని కునుకు తీస్తున్నాననుకుంటోంది."

సోమవారానికి మార్లిస్ బల్ల మీద అలాంటి కాగితాలు నాలుగు చేరాయి. ఆమె వాటిని సొరుగులో పడేసి తాళం వేసింది. రెనాటాతో మాట్లాడటం మానేసింది. వరండాలో ఎదురైతే గోడ మీద గడియారం చూస్తూ వెళ్ళిపోయేది.

* * *

గురువారం ఉదయం పదింబావు. వార్డులో తొమ్మిదిమంది రోగులు. వాళ్ళకి రెనాటా, సహాయకురాలు ట్వైలా. ఆరో గదిలో ఎనభై రెండేళ్ళ ముసలావిడకి రెనాటా అప్పుడే రక్తం ఎక్కించడం మొదలుపెట్టింది. మొదటి పదిహేను నిమిషాలూ నర్సు మంచం పక్క నుంచి కదలకూడదు. రక్తం పడకపోతే ఆ పదిహేను నిమిషాల్లోనే తెలుస్తుంది.

ఏడో నిమిషంలో గంట మోగింది. ట్వైలాని మంచం పక్కన నిలబెట్టి రెనాటా రెండు రెక్కల తలుపు వైపు పరిగెత్తింది.

అంబులెన్సులో ఇద్దరు స్వచ్ఛంద కార్యకర్తలు, స్ట్రెచర్ మీద ఎల్డన్ ప్రోహాస్కా అనే రైతు. ధాన్యం లారీ పక్కనే కూలిపోయాడట. ముఖం బూడిద రంగు. తలుపు దాటుతుండగానే అతని ఊపిరి ఆగిపోయింది.

ఆరేళ్ళుగా ఇలాంటప్పుడు రెనాటా చేసే పని ఒకటే. ఇక్కడ కాసేపు, అక్కడికి పరుగు, మళ్ళీ ఇక్కడికి. రెండు చోట్లా సగం సగం ఉండేది. పొరపాటు జరగనంత కాలం ఎవరూ అడగలేదు.

ఇవాళ ఆమె కార్యకర్తల్లో ఒకడిని ఛాతీ నొక్కమంది. తను గోడ ఫోను తీసి మార్లిస్ నంబరు నొక్కింది.

"నేను ఎమర్జెన్సీలో ఉన్నాను. వార్డులో నర్సు లేదు. ఆరో గదిలో రక్తం ఎక్కుతోంది, ఏడు నిమిషాలైంది. ట్వైలా పక్కన నిలబడింది, కానీ సహాయకులకి రక్తం ఆపే అధికారం లేదు. మీరు వెళ్ళండి."

"నేను బోర్డు ఛైర్మన్‌తో మాట్లాడుతున్నాను. కాస్త అటు ఒక కన్ను వేసి..."

"నేను వెళ్ళను. అడగడం లేదు మార్లిస్, చెబుతున్నాను. వార్డు మీది."

ఫోన్ పెట్టేసింది.  

ఎల్డన్ ఛాతీకి షాక్ ఇచ్చే ప్యాడ్లు అంటించింది. "అందరూ దూరంగా!" షాక్. తెర మీద గీత అలాగే పిచ్చిగా కదులుతోంది. "నొక్కు! ఆపకు, ఇంకా గట్టిగా. పక్కటెముక విరిగితే విరగనీ, తరువాత అతుక్కుంటుంది." సూది నరంలోకి ఒక్కసారికే దిగింది. మందు వేసింది. రెండు నిమిషాలు. గదిలో వినబడుతున్నది ఛాతీ నొక్కుతున్న కుర్రాడి ఎగశ్వాస ఒక్కటే.

మళ్ళీ షాక్.

గీత ఒక్కసారి చదునైంది. ఆగింది. అంతలో ఒక చిన్న కొండ లేచింది. ఇంకొకటి. వరసగా.

రెనాటా అతని మెడ మీద వేళ్ళు పెట్టింది. కొట్టుకుంటోంది.

డాక్టర్ సోరెన్సన్ చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకుని పరిగెత్తుకొచ్చేసరికి ఎల్డన్ ప్రోహాస్కా కళ్ళు తెరిచి, తన లారీ ఎవరు ఆపారని అడుగుతున్నాడు.

* * *

ఎల్డన్‌ని పెద్ద ఆసుపత్రికి తీసుకుని హెలికాప్టర్ వెళ్ళిపోయాక రెనాటా మందుల గదిలోకి వెళ్ళింది. మార్లిస్ అక్కడ స్టూలు మీద కూర్చుని ఉంది. బూట్లు విప్పేసి పక్కన పెట్టుకుంది. బోర్డు మీటింగుకి వేసుకునే మడమ ఎత్తు బూట్లవి.

"ఆరో గది ఆవిడకి చలి వణుకు మొదలైంది," అంది మార్లిస్. "నేను వెళ్ళిన రెండు నిమిషాలకే. ఆపేశాను. సెలైన్ పెట్టి డాక్టరుకి చెప్పాను. ఇప్పుడు బానే ఉంది."

"మంచిది."

"నేను రాకపోయి ఉంటే?"

"మీరు వచ్చారు."

"అది కాదు నేనడిగింది."

"మీరడిగినదానికి జవాబు మీకు తెలుసు. ముప్ఫై ఏళ్ళు ఆ రెండు రెక్కల తలుపు మధ్య మీరూ పరిగెత్తారు. అప్పుడూ ఏ ఆరో గదిలోనో ఎవరో ఒకరు వణికే ఉంటారు."

మార్లిస్ విప్పిన బూట్లని ఇంకాస్త పక్కకి జరిపింది. తొంభై ఎనిమిదో సంవత్సరం నాటి ఒక రోగి పేరు చెప్పబోయి మానేసింది. రెనాటా అడగలేదు.

"ఆ కాగితం తీసుకురా."

"ఏ కాగితం?"

"బుర్ర తినకు. వెళ్ళి తే."

మార్లిస్ సంతకం పెట్టింది. 'విభాగం' అన్న చోట వార్డు అని రాయలేదు, ఎమర్జెన్సీ అని కూడా రాయలేదు. 'ఒకే షిఫ్టులో వార్డు, ఎమర్జెన్సీ రెండూ, ఒంటరిగా, ఆరేళ్ళు' అని రాసింది. సొరుగులోంచి ఆ నాలుగు పనిగంటల కాగితాలూ తీసి వాటి మీద కూడా సంతకాలు చేసింది.

"ఇవి బోర్డు ముందు పెడుతున్నాను. రెండో నర్సు కావాలని అడుగుతాను. నా ఉద్యోగం పోవచ్చు." ముక్కు చీదింది. "నీ కోసం చేశానని మురిసిపోకు. నీమీద నాకింకా మండుతూనే ఉంది."

"మండనివ్వండి," అంది రెనాటా. థాంక్స్ చెప్పలేదు. చెప్పాలని అనిపించలేదు. అది ఆమెకి రావలసిన కాగితం.

మర్నాడు వెల్డా ఫోన్ చేసినప్పుడు మార్లిస్ గది తలుపు తెరిచే ఉంది. ఆమె మాటలు వరండా అంతా వినబడ్డాయి.

"ఎమర్జెన్సీ విభాగమా? మాకు లేదమ్మా. రెండు మంచాలున్నాయి. డాక్టరు వచ్చేదాకా ఆ విభాగం ఆ పిల్లే... ఆఁ, కావాలంటే డాక్టర్ని అడుగు... మళ్ళీ తీసుకుంటానా? అదేం ప్రశ్న! అసలు పంపడమే నాకిష్టం లేదు."

* * *

టూసాన్ నుంచి ఎమర్జెన్సీ మేనేజర్ బుధవారం ఫోన్ చేసింది. పేరు గ్రాసియేలా. వెనకనుంచి అలారాలు, అరుపులు వినబడుతున్నాయి.

"నీకు ఎనిమిది నిమిషాలే ఇవ్వగలను. నీ కాగితం నా ముందుంది. రెండు వారాల క్రితం ఇదే పేరుతో అన్నీ నాలుగులున్న కాగితం ఇంకోటి వచ్చి, వెనక్కి పోయింది. అదేంటి?"

"అది నేను రాయలేదు. వెనక్కి తీయించింది నేనే."

"ఊఁ. మరి ఇందులో పదకొండు ఒకట్లున్నాయి. ఉద్యోగం కావాలనుకునేవాళ్ళు ఎవరైనా ఇన్ని ఒకట్లు వేస్తారా?"

"చెయ్యని పనికి ఇంకేం వెయ్యాలి?"

"ఇక్కడ మొదటి రాత్రే ఆ పదకొండిట్లో ఒకటి వస్తే?"

"నాకు రాదని గట్టిగా చెప్పి, ఆ పని వచ్చినవాళ్ళని పిలుస్తాను."

"గుండె ఆగిన మనిషి వస్తే?"

"అప్పుడు ఎవరినీ పిలవను. ముందు మొదలుపెడతాను. పిలవడం మీవాళ్ళు నాకు గుర్తుచెయ్యాలి. ఆరేళ్ళుగా నా పక్కన పిలవడానికి ఎవరూ లేరు."

అవతల ఎవరో గ్రాసియేలాని పేరు పెట్టి అరిచారు. ఆమె ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టి ఏదో చెప్పి మళ్ళీ వచ్చింది.

"నాలుగు మంచాలు ఇస్తాను. తేలిగ్గా ఉండేవి ఇవ్వను. మూడో రోజు నుంచి నిన్ను ఎవరూ పట్టించుకోరు. ఒప్పుకుంటావా?"

"మీరు నాలుగు మంచాలే ఇస్తారా?" అంది రెనాటా. "వాటికి నేనొక్కదాన్నే, ఇంకెక్కడికీ పరిగెత్తక్కర్లేదా?"

"అక్కర్లేదు."

"అయితే ఒప్పుకున్నాను. ఎప్పుడు రమ్మంటారు?"